క్రూజ్‌లో స్కాండినేవియా: రేవులో దొరికే ఎనిమిది గంటల లెక్క

క్రూజ్ కంపెనీ కాగితంలో స్టాక్‌హోం అని రాసి ఉన్నంత మాత్రాన ఓడ స్టాక్‌హోంలోనే ఆగుతుందని అనుకోకండి. పాతబస్తీకి పావుగంట నడకలో ఉన్న స్టాడ్స్‌గార్డెన్ రేవులో ఆగొచ్చు. కాస్త ఎడంగా ఉన్న ఫ్రీహామ్నెన్‌లో ఆగొచ్చు. దక్షిణంగా దాదాపు 60 కిలోమీటర్ల దూరంలో ఉన్న నీనాస్‌హామ్న్ అనే చిన్న ఊళ్లోనూ ఆగొచ్చు. ఈ మూడో చోట ఆగితే రానూపోనూ లోకల్ రైల్లోనే రెండు గంటలు పోతాయి. అందుకని కేబిన్‌కి బాల్కనీ ఉందా, బఫేలో సాంబారు దొరుకుతుందా అని ఆరా తీసేలోపు ఏజెంట్‌ని అడగాల్సింది ఒకటుంది: ఏ ఊళ్లో ఏ టెర్మినల్‌లో ఆగుతుంది, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా ఆగుతుంది? తేల్చి చెప్పలేకపోతే ఆయా పోర్టుల వెబ్‌సైట్లలో ఓడల షెడ్యూల్ పెడతారు, మీ ఓడ పేరు వెతుక్కోండి. అదే రోజు ఇంకెన్ని ఓడలు వస్తున్నాయో కూడా అక్కడే తెలుస్తుంది. క్యూలు ఎంత పొడుగుంటాయో అంచనా వేసుకోవచ్చు.

నేను స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరయినవాణ్ణి. రైలు ఎన్నింటికి వస్తుందన్న దానికంటే ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందన్నది ముందు చూసుకునే అలవాటు పోలేదు. మా పెద్దమ్మాయి కాపురం స్వీడన్‌లోని మాల్మోలో. అక్కడి నుంచి ఒరెసుండ్ వంతెన మీదుగా ముప్పావుగంట లోపే రైల్లో కోపెన్‌హాగెన్ చేరి, మా ఆవిడా నేనూ అక్కడే ఓడెక్కుతుంటాం. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, నాకు టైము పిచ్చి. రెండింటికీ సరిపడేలా కుదుర్చుకున్న పద్ధతి ఇది.

వెనకనుంచి లెక్క

ఓడ పొద్దున 8కి వచ్చి సాయంత్రం 5కి వెళ్తుందంటే తొమ్మిది గంటలు ఉన్నాయని సంబరపడతాం. ఓడ కట్టి, క్లియరెన్స్ వచ్చి, లిఫ్టుల దగ్గర క్యూ దాటి నేల మీద కాలు పెట్టేసరికి 8:30. అందరూ తిరిగి ఓడెక్కాల్సిన టైము మామూలుగా బయల్దేరడానికి అరగంట ముందు, అంటే 4:30. దానికి ఇంకో గంట ముందే రేవు దగ్గర ఉండాలన్నది నా పట్టుదల. చేతికి మిగిలేవి ఏడు గంటలు. అందులోంచి ఊళ్లోకి వెళ్లే టైము, వచ్చే టైము, భోజనం తీసేయండి. అప్పుడు మిగిలిన దాన్ని బట్టి ఒక పెద్ద చోటు, దాని పక్కనే కాస్త షికారు. అంతే పెట్టుకోండి. ఊరికి ఐదు చోట్లు రాసుకొచ్చేవాళ్లు సాయంత్రం బఫేలో కూర్చుని, ఎక్కడ ఏం చూశారో ఫోన్‌లో ఫొటోలు తిప్పి చెప్పుకోవడం చాలాసార్లు విన్నాను.

రేవుకి ఆనుకోకుండా ఓడ నీళ్లలోనే లంగరు వేసి, చిన్న పడవల్లో ఒడ్డుకి దించే చోట్లు కొన్ని ఉంటాయి. వీటిని టెండర్ పోర్టులంటారు. అక్కడ దిగడానికీ ఎక్కడానికీ కలిపి ఇంకో గంట తీసి పక్కన పెట్టండి.

గడియారం విషయం ఒకటి. డెన్మార్క్, నార్వే, స్వీడన్ మూడింటికీ ఒకటే టైము. మీ ఓడ హెల్సింకీకో టాలిన్‌కో కూడా వెళ్తే అక్కడ గంట ముందుంటుంది. ఫోన్ తనంతట తానే టైము మార్చుకుంటుంది, ఓడ మార్చుకోవచ్చు, మార్చుకోకపోవచ్చు. ఓడ టైము ఏదో ముందురోజు రాత్రి కేబిన్‌కి వచ్చే కాగితంలో ఉంటుంది. చేతి గడియారాన్ని దానికి పెట్టుకోండి. అదే కాగితంలో ఆ రేవులో ఓడ తరఫు ఏజెంట్ ఫోన్ నంబరు కూడా ఉంటుంది, ఫొటో తీసి ఉంచుకోండి. ఓడ తప్పిపోతే మీకు దిక్కు ఆ నంబరే. నేను రోజూ ఈ తతంగమంతా చేస్తుంటే మా ఆవిడ "ఏమండీ, ఇక్కడ కూడా డ్యూటీయేనా" అంటుంది. అననివ్వండి.

ఓడవాళ్లు అమ్మే టూర్లు కొనాలా వద్దా అన్నదానికి నా లెక్క ఇది: రేవు ఊళ్లోనే ఉంటే వద్దు, చాలా దూరమైతే కొనండి. ఓడ టూరులో వెళ్లి ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, సొంతంగా వెళ్లి ఆలస్యమైతే ఆగదు. జర్మనీలోని వార్నెముండెలో ఆగినప్పుడు బెర్లిన్ టూరు అని పెడతారు. అటు మూడు గంటలు, ఇటు మూడు గంటలు. నన్నడిగితే ఆ రోజు వార్నెముండె బీచ్‌లో నడిచి, హాయిగా కాఫీ తాగడం మేలు.

కోపెన్‌హాగెన్

ఇక్కడ ఓడలు ఆగే చోట్లలో ముఖ్యమైనవి రెండు. లాంగెలీనీ అయితే అదృష్టం, నడిచి వెళ్లిపోవచ్చు. ఓషన్‌కాయ్ అయితే ఊరికి ఉత్తరాన దూరం. అక్కడి నుంచి బస్సు పట్టుకోవాలి, లేదా ఓరియంట్‌కాయ్ స్టేషన్ దాకా నడిచి మెట్రో ఎం4 ఎక్కాలి. ఆ మెట్రోకి డ్రైవరు ఉండడు. ముందు పెట్టెలో ముందు సీటు ఖాళీగా ఉంటే వదలకండి, పట్టాలు, సొరంగం మన కళ్లెదుటే పరుచుకుంటాయి. నేనైతే చిన్నపిల్లల్ని తోసుకుని కూడా కూర్చుంటాను.

లాంగెలీనీ నుంచి నడక దారి ఇలా పెట్టుకోండి. ముందు మత్స్యకన్య బొమ్మ. 1913 నుంచి అదే రాయి మీద కూర్చుంది, ఎత్తు మీటరుంబావు మాత్రమే. దూరం నుంచి వచ్చినవాళ్లు ఇంతేనా అంటారు. ఫొటో తీసుకుని కదలండి. వెనకే నక్షత్రం ఆకారంలో కాస్టెల్లెట్ కోట, దాని గట్టు మీద చెట్ల నీడన చక్కటి దారి. అక్కడి నుంచి అమాలియెన్‌బోర్గ్ రాజభవనం. సరిగ్గా మధ్యాహ్నం 12కి సైనికులు కాపలా మారతారు, అది చూసి న్యూహావ్న్ కాలువ ఒడ్డున రంగురంగుల ఇళ్ల దగ్గరికి. దారంతా చదునే.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ఒక మంచి మాట. పైనుంచి ఊరు చూడాలంటే చర్చి గోపురాలు ఎక్కక్కర్లేదు. రుండెటోర్న్ అనే గుండ్రటి బురుజు ఉంది, 1642లో కట్టింది. పైకి మెట్లు కాదు, గోడ చుట్టూ ఏడున్నర చుట్లు తిరిగే 209 మీటర్ల ఏటవాలు దారి. పైనున్న ఖగోళశాలకు సామాన్లు చేరవేయడానికి అలా కట్టారు. రష్యా చక్రవర్తి పీటర్ 1716లో గుర్రం మీద పైదాకా వెళ్లాడని చెబుతారు. మా ఆవిడ ఆగి ఆగి వెళ్లినా సులువుగానే ఎక్కింది. చిట్టచివర్న మాత్రం ఇరుకు మెట్లు కొన్ని ఉన్నాయి, అక్కడ రెయిలింగ్ పట్టుకోవాలి.

సైకిల్ దారుల మీద నడవకండి. ఫుట్‌పాత్‌కీ రోడ్డుకీ మధ్య ఉంటాయి. వచ్చేవాళ్లు ఆఫీసులకి వెళ్లేవాళ్లు, మనకోసం బ్రేకు వేయరు.

స్టాక్‌హోం

ఇక్కడ సగం ఊరు ఓడ మీద నుంచే చూడాలి. బాల్టిక్ నుంచి రేవు చేరేలోపు కొన్ని గంటలపాటు ద్వీపాల మధ్య నుంచి వస్తుంది ఓడ. దాదాపు 30,000 ద్వీపాలు, రాళ్ల దిబ్బలు. జూన్‌లో తెల్లవారుజామున మూడున్నరకే వెలుతురు వచ్చేస్తుంది. అలారం పెట్టుకుని ఐదింటికల్లా ముందు డెక్ మీద ఉండండి, స్వెట్టరు వేసుకుని. ఎర్ర రంగు చెక్క ఇళ్లు, ప్రతి ఇంటికీ సొంత పడవ, రాయి చివర జెండా కొయ్య. కొన్నిచోట్ల ఎంత దగ్గర నుంచి వెళ్తుందంటే వరండాలో కాఫీ కప్పుతో కూర్చున్న ఆయన చెయ్యి ఊపితే మనమూ ఊపొచ్చు. నీనాస్‌హామ్న్‌లో ఆగే ఓడలకి ఈ దారి దొరకదు. టెర్మినల్ అడగమని మొదట అంతగా చెప్పడానికి ఇదీ ఒక కారణమే.

పెద్ద చోటుగా వాసా మ్యూజియం పెట్టుకోండి, మారు మాట లేదు. వాసా అనేది రాజు కట్టించిన 64 ఫిరంగుల యుద్ధనౌక. 1628 ఆగస్టు 10న తొలిసారి బయల్దేరి, 1,300 మీటర్లు పోయేసరికి గాలి విసురుకి ఒక పక్కకి ఒరిగి, తెరిచి ఉన్న ఫిరంగి కిటికీల్లోంచి నీళ్లు వచ్చి మునిగిపోయింది. పైభాగం బరువెక్కువ, అడుగున పట్టు తక్కువ. అంతకుముందే డెక్ మీద 30 మందిని ఆ అంచు నుంచి ఈ అంచుకి పరిగెత్తించి చూశారట. ఓడ ఊగిపోతుంటే అక్కడే మునుగుతుందని భయపడి పరీక్ష ఆపేశారు, ఓడని మాత్రం ఆపలేదు. నలభై ఏళ్లు రైళ్లు పంపిన ఉద్యోగంలో ఉన్నవాణ్ణి, ఆ బోర్డు ముందు చాలాసేపు నిలబడిపోయాను. రాజు తొందరపెడుతుంటే ఎర్ర జెండా చూపించే ధైర్యం ఎవరికుంటుంది?

1961లో, అంటే 333 ఏళ్ల తర్వాత, దాన్ని పైకి తీశారు. బాల్టిక్‌లో ఉప్పు తక్కువ కాబట్టి చెక్కని తొలిచేసే సముద్రపు పురుగు అక్కడ బతకదు. అందుకే ఓడ దాదాపు మొత్తం అసలు చెక్కతోనే మిగిలింది. కుదించుకుపోకుండా 17 ఏళ్లు రసాయనం చల్లుతూనే ఉన్నారు. లోపల వెలుతురు మసకగా, చల్లగా ఉంటుంది. కళ్లు అలవాటు పడేదాకా నిమిషం ఆగి, కింద నుంచి కాకుండా లిఫ్టులో పైఅంతస్తుకి వెళ్లి దిగుతూ చూడండి. వెనక భాగంలో చెక్కిన సింహాలు, వీరులు, గంధర్వకన్యల్లాంటి బొమ్మలు పై అంతస్తుల నుంచి ఎదురెదురుగా కనిపిస్తాయి. రెండు గంటలు పెట్టుకోండి.

స్టాడ్స్‌గార్డెన్‌లో దిగితే స్లుసెన్ దాకా నడిచి, అక్కడ యుర్గోర్డెన్ ద్వీపానికి వెళ్లే ఫెర్రీ ఎక్కండి. మెట్రో, బస్సు టికెట్టే దానికీ చెల్లుతుంది, ఒక టికెట్టు 75 నిమిషాలు పనిచేస్తుంది. ఫెర్రీ దిగి పది నిమిషాలు నడిస్తే వాసా. తిరిగి వచ్చేటప్పుడు స్లుసెన్ పక్కనే పాతబస్తీ గామ్లాస్టాన్. అందులో మార్టెన్ ట్రోట్సిగ్ సందు అని ఒకటుంది, ఇరుకైన చోట 90 సెంటీమీటర్లే. ఎదురుగా మనిషి వస్తే ఒకరు గోడకి ఒరగాల్సిందే. పాతబస్తీ రోడ్లన్నీ రాతి పరుపు. మెత్తటి సోలు బూట్లు లేకపోతే సాయంత్రానికి పాదాలు లబోదిబోమంటాయి. మా ఆవిడ చీర మీదికి స్పోర్ట్స్ షూసే వేస్తుంది, ఎవరూ తిరిగి చూడరు.

ఓస్లో, బెర్గెన్

ఓస్లోలో బెంగ లేదు. ఓడ అకెర్స్‌హుస్ కోట కిందనే ఆగుతుంది. ఒపేరా హౌస్‌కి నడిచి వెళ్లి దాని కప్పు మీదికి ఎక్కండి, అది నీళ్లలోంచి మొదలై పైదాకా ఏటవాలుగా ఉంటుంది, డబ్బులక్కర్లేదు. వాన పడితే మాత్రం ఆ తెల్ల పాలరాయి జారుతుంది. తర్వాత 12వ నంబరు ట్రామ్‌లో విగెలాండ్ పార్కు. రెండు వందలకు పైగా శిల్పాలు, అన్నీ ఒక్క గుస్తావ్ విగెలాండ్ చేసినవే. మధ్యలో ఏకశిలా స్తంభం, ఒకరి మీద ఒకరుగా 121 మంది. ఇదీ ఉచితమే. వైకింగ్ ఓడల మ్యూజియం పునర్నిర్మాణం కోసం 2022లో మూసేశారు, తెరిచారో లేదో చూసుకునే బయల్దేరండి.

తిరుగు ప్రయాణంలో డ్రోబాక్ దగ్గర ఇరుకు వస్తుంది, అక్కడ ద్వీపం మీద ఓస్కార్స్‌బోర్గ్ కోట. 1940 ఏప్రిల్ 9న నార్వేని ఆక్రమించడానికి వస్తున్న జర్మన్ యుద్ధనౌక బ్లూషర్‌ని ముసలి ఫిరంగులు, టార్పెడోలతో ముంచింది అక్కడే. ఆ ఆలస్యం వల్లే రాజు, ప్రభుత్వం ఓస్లో నుంచి తప్పించుకోగలిగారు. ఆ సమయానికి ఓడలో డిన్నరు నడుస్తూ ఉంటుంది. ఐస్‌క్రీం తర్వాత తినండి, డెక్ మీదికి రండి.

బెర్గెన్‌లో ఏడాదికి రెండు వందల రోజులకు పైగా వానే. గాలికి గొడుగు నిలవదు, టోపీ ఉన్న వాన జాకెట్టు తీసుకెళ్లండి. ఫ్లోయెన్ కొండ ఎక్కే కేబుల్ రైలు 1918 నాటిది, 320 మీటర్ల ఎత్తుకి కొద్ది నిమిషాల్లో చేరుస్తుంది. టికెట్టు ముందే ఫోన్‌లో కొని, ఓడ దిగగానే అక్కడికే వెళ్లండి. పది దాటితే మిగతా ఓడల జనమంతా అక్కడే ఉంటారు. రేవు ఒడ్డున వరసగా ఉన్న బ్రిగెన్ పాత చెక్క ఇళ్లు ఎక్కడికీ పోవు, తర్వాత చూడొచ్చు. వాటి ముందు ఫొటో తీసుకుని వెళ్లిపోకుండా మధ్య సందుల్లోకి దూరండి, ఒరిగిపోయిన చెక్క వరండాలు లోపలే ఉన్నాయి.

డబ్బు, తిండి, ఫోన్, వీసా

మూడు దేశాల్లో మూడు రకాల క్రోనాలు. ఒకటి ఇంకోచోట చెల్లదు. నోట్లు మార్చుకోకండి, స్వీడన్‌లో నోటు తీసుకోని దుకాణాలు బోలెడు. టాయిలెట్ దగ్గర కూడా కార్డే. రెండు కార్డులు వేర్వేరు జేబుల్లో ఉంచండి. మిషను రూపాయల్లోనా, క్రోనాల్లోనా అని అడిగితే క్రోనాలే నొక్కండి, రూపాయలంటే రేటు బాదేస్తారు.

ఓడలో పొద్దున టిఫిన్ గట్టిగా తినండి. మధ్యాహ్నం హోటల్లో ఇద్దరు కూర్చుంటే బిల్లు చూసి గుండె ఝల్లుమంటుంది. శాకాహారులకి ఫలాఫెల్ చుట్ట దాదాపు ప్రతి ఊళ్లో దొరుకుతుంది. స్వీడన్‌లో యాలకుల బన్ను తప్పకుండా తినండి. నీళ్ల సీసా కొనక్కర్లేదు, కుళాయి నీళ్లు భేషుగ్గా తాగొచ్చు. మా సంచిలో చిక్కీ, జంతికలు ఎప్పుడూ ఉంటాయి.

రేవు వదలగానే ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. సముద్రం మీద శాటిలైట్ నెట్‌వర్క్ తగులుకుంటే రోమింగ్ బిల్లు వాచిపోతుంది.

మూడు దేశాలకీ ఒకే షెంగెన్ వీసా. ఎక్కువ రోజులు ఉండే దేశానికి అప్లై చేయాలి, సమానమైతే ముందుగా అడుగుపెట్టే దేశానికి. ఇన్సూరెన్సు కనీసం 30,000 యూరోలకు ఉండాలి. ఓడ మధ్యలో బ్రిటన్ వెళ్తుంటే మల్టిపుల్ ఎంట్రీ అడగండి, బ్రిటన్ వీసా సంగతీ ముందే తేల్చుకోండి.

ఆఖరి రాత్రి పెద్ద పెట్టెలు కేబిన్ బయట పెట్టమంటారు, పొద్దున టెర్మినల్‌లో తీసుకోవాలి. మందులు, పాస్‌పోర్టు, మర్నాటి బట్టలు, చార్జరు చేతి సంచిలో ఉన్నాయో లేదో పెట్టెలు బయటికి తోయకముందే చూసుకోండి. ఇంటికి విమానం మధ్యాహ్నం ఒంటిగంట తర్వాతదే బుక్ చేయండి.