టమాటా కిలో 40, అరకిలో 25: బజారు ఖర్చుకి సూత్రం కట్టడం ఎలా?

కిలో 40, అరకిలో 25 అని అట్టముక్క మీద రాసి నిలబెట్టిన టమాటా బండి హైదరాబాద్‌లో మెహదీపట్నంలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో మీరూ చూసే ఉంటారు. బళ్లో రేఖీయ సమీకరణాలు చదివి ఇవెక్కడ పనికొస్తాయి అనుకున్నవాళ్లకి జవాబు ఆ అట్టముక్క మీదే ఉంది.

ముందుగా రెండు ధరల మధ్య తేడా చూడండి. అరకిలో పెరిగితే 15 రూపాయలు పెరిగింది, అంటే కిలోకి 30 చొప్పున. ఈ ధరల్ని గ్రాఫ్ మీద గీస్తే వచ్చే గీతకి దీన్నే వాలు అంటారు. ఇప్పుడు కిలో ధర 40లోంచి ఆ 30 తీసేయండి. మిగిలిన 10 రూపాయలు మీరెంత కొన్నా పడే స్థిర ఖర్చు. సూత్రం ఇదీ:

ఖర్చు = 30 × కిలోలు + 10

రెండు ధరలుంటే గీత ఎలాగూ వచ్చేస్తుంది, అది నిజమో కాదో తేల్చేది మూడో ధర. అందుకే రెండు కిలోలెంత అని అడగండి. సూత్రం ప్రకారం 70 రావాలి. 80 అన్నాడంటే కిలో దాటాక ఈ గీత పనిచేయదు, ఎంత ఎక్కువ కొన్నా కిలో 40కే పడుతుంది. నేనైతే బేరం ఇక్కడే మొదలుపెడతాను: "అన్నా, రెండు కిలోలు తీసుకుంటా, డెబ్బైకి ఇస్తవా?" ఊరికే తగ్గించమని అడిగేకన్నా ఇలా ఒక అంకె చెప్పి అడగడమే మేలు.

ఇంటికి తెప్పించుకునే సరుకులకి గీత మధ్యలో తెగుతుంది, అక్కడ జాగ్రత్త. 199 లోపు బిల్లుకి 25 డెలివరీ ఛార్జీ అనుకుందాం. 185కి కొంటే 210 కడతారు, అదే ఎలాగూ కావలసిన 14 రూపాయల వస్తువు ఇంకొకటి కలిపితే 199తో సరిపోతుంది. కాబట్టి హద్దుకి ఇటొకటి, అటొకటి రెండు సూత్రాలు రాసుకోవాలి.

ఇక నాకు బాగా ఉపయోగపడిన లెక్క, సరుకుల కోసం హోల్‌సేల్ మార్కెట్ అయిన బేగంబజార్ వెళ్లాలా వద్దా అన్నది. కందిపప్పు మన వీధి కొట్లో కిలో 160, అక్కడ 140, రానూపోనూ ఆటో 240 అనుకోండి (మీ రేట్లు మీరు వేసుకోండి).

వీధి కొట్టు: 160 × కిలోలు
బేగంబజార్: 140 × కిలోలు + 240

కిలోకి 20 మిగులుతుంది, ఆటోకి పోయింది 240, కాబట్టి 240ని 20తో భాగిస్తే 12. పన్నెండు కిలోలకి రెండూ సమానం, అంతకు తక్కువైతే వీధి చివరి కొట్టే చవక, పైగా పూట కలిసొస్తుంది. నిజానికి ఒక్క పప్పు కోసం ఎవరూ అంత దూరం వెళ్లరు కదా, మినప్పప్పు, ఎండుమిర్చి, జీడిపప్పు అన్నిటి మీదా మిగిలేది కూడి 240 దాటుతుందో లేదో చూసుకోండి. పక్కింటివాళ్లతో కలిసి ఒకే ఆటోలో వెళ్తే ఆ 240 కాస్తా ఇంటికి 120 అవుతుంది, అప్పుడు ఆరు కిలోలకే గిట్టుబాటు.