గుమ్మం ముందుకు వచ్చిన సరుకును డబ్బాలో పోసే ముందు

కిరాణా కొట్టులో బస్తా మూతి మడిచి పెట్టిన కందిపప్పును గుప్పెడు తీసుకొని, అరచేతిలో నలిపి, ఒక పలుకు కొరికి చూశాకే తూకం వేయమనడం మన పెద్దల అలవాటు. ఇప్పుడు సరుకు ఫోన్‌లో బొమ్మగా కనిపించి, కొద్ది నిమిషాల్లో సీలు వేసిన ప్యాకెట్టుగా ఇంటికి వస్తోంది కాబట్టి, కొట్టులో జరిగే ఆ పరీక్షను ఇక మన గుమ్మం దగ్గరే జరుపుకోవాలి.

ముందుగా చల్లని సరుకును చేత్తో తాకి చూడండి. పోయిన ఎండాకాలంలో మా ఇంటికి వచ్చిన పాల ప్యాకెట్టు గోరువెచ్చగా తగిలినా పట్టించుకోలేదు. పొయ్యి మీద పెట్టిన కాసేపటికే పాలు విరిగిపోయాయి. పాలు, పనీరు, మాంసం చల్లదనం కోల్పోయి వస్తే అక్కడికక్కడే తిప్పి పంపండి. ఐస్‌క్రీమ్ ఆకారం చెడి, పైన మంచు పలుకులు కట్టి ఉంటే అది దారిలో ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టిందని అనుమానించాలి.

తర్వాత తేదీ చూడండి. ‘బెస్ట్ బిఫోర్’ అన్నది నాణ్యతకు గడువు. ‘యూజ్ బై’ దాటిన పదార్థాన్ని మాత్రం తినకూడదు. ఆన్‌లైన్ సరుకు ఇంటికి చేరే వేళకు 30 శాతం నిల్వకాలమో, 45 రోజుల గడువో మిగిలి ఉండాలని దేశంలో ఆహార భద్రతను చూసే సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2024 నవంబరులో అమ్మకందారులకు చెప్పింది. ప్యాకెట్టు మీద ఆ సంస్థ ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు కూడా ఉండాలి.

సీలు విప్పాక పెద్దల పద్ధతే మేలు. కందిపప్పును పళ్లెంలో పరచి చూస్తే, ఒక పక్క ఏటవాలుగా, చతురస్రాకారంలో ఉండే కేసరి పప్పు కలిసిందేమో తెలుస్తుంది. గ్లాసుడు నీళ్లపై చిటికెడు కారం చల్లినప్పుడు రంగు చారలుగా కిందికి దిగితే అందులో కృత్రిమ రంగు ఉన్నట్టే.

కూరగాయల విషయంలో నా మాట వేరు. బెండకాయ మొన విరిచి లేతదో ముదురో తేల్చుకునే వీలు ఫోన్‌లో లేదు కనుక, 1999లో మొదలైన రైతు బజార్లు దగ్గరలో ఉన్నవారు వారానికొకసారైనా అక్కడికే వెళ్లడం మంచిది.

సరుకు డబ్బాలో పోయగానే కవరు పారేయడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. బ్యాచ్ నంబరు, తేదీ ఉన్న ముక్కను కత్తిరించి అదే డబ్బాలో వేయండి. పురుగో దుర్వాసనో బయటపడితే ఫొటో తీసి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేసేటప్పుడు ఆ ముక్కే మీకు ఆధారం.