నెట్‌లో దొరికిన జవాబు నిజమో కాదో పిల్లలకు తేల్చుకోవడం నేర్పడం ఎలా?

ఆరు నుంచి పదో తరగతి దాకా చదివే పిల్లలకు గూగుల్ తెరవడం ఎవరూ నేర్పనక్కర్లేదు. దొరికిన జవాబుతో ఏం చేయాలన్నదే నేర్పాలి. చాలామంది మొదటి లింకు నొక్కి, అందులో ఉన్నది ఉన్నట్టు నోటుబుక్కులోకి ఎక్కించేస్తారు. ఇంట్లోనైనా, క్లాసులోనైనా ఒక పీరియడ్‌లో ఈ అలవాటు మార్చడం మొదలుపెట్టొచ్చు. ఒక ఫోను, ఒక నోటుబుక్కు చాలు. లాప్‌టాప్ ఉంటే రెండు మూడు ట్యాబులు పక్కపక్కనే తెరిచి చూడడం తేలిక.

1. అందరికీ తెలుసనిపించే ప్రశ్నతో మొదలుపెట్టండి

"భారతదేశ జాతీయ క్రీడ ఏది?" అని అడగండి. చాలామంది తడుముకోకుండా హాకీ అంటారు. ఆ జవాబును వెతక్కముందే నోటుబుక్కులో రాయించండి. అలా రాయించకపోతే వెతికాక "నాకు ముందే తెలుసు" అంటారు, తమ ఆలోచనలో ఏం మారిందో వాళ్లకే కనపడదు.

2. వెతికే మాటలు మార్చి చూపించండి

"హాకీ జాతీయ క్రీడేనా?" అని కొడితే అవునని చెప్పే పేజీలు కుప్పగా వచ్చిపడొచ్చు. ప్రశ్నలోనే జవాబు పెట్టి అడిగితే జరిగేదిదే. "జాతీయ క్రీడ ప్రకటన క్రీడల మంత్రిత్వ శాఖ" అని కొట్టించండి. జాతీయ క్రీడను ప్రకటించాల్సింది ఎవరో వాళ్ల పేరు వెతికే మాటల్లో చేరగానే ఫలితాలు మారిపోతాయి.

మూడు చిట్కాలు చాలు. కొటేషన్ గుర్తుల మధ్య పెట్టిన మాటలు అదే వరుసలో ఉన్న పేజీలు వస్తాయి. వద్దనుకున్న మాట ముందు మైనస్ పెడితే ఆ మాట ఉన్న పేజీలు పోతాయి. ఇంగ్లిషు అక్షరాల్లో "సైట్" అని, కోలన్ పెట్టి, వెంటనే "జీఓవీ డాట్ ఇన్" అని కొడితే ప్రభుత్వ సైట్లలోనే వెతుకుతుంది. మైనస్ తర్వాత గానీ, కోలన్ తర్వాత గానీ ఖాళీ వదిలితే ఇవి పనిచేయవు. పిల్లలు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

అదే ప్రశ్నను తెలుగులో ఒకసారి, ఇంగ్లిషులో ఒకసారి వెతికించండి. తెలుగులో పేర్లను కలిపి రాసేవాళ్లూ ఉన్నారు, విడదీసి రాసేవాళ్లూ ఉన్నారు కాబట్టి రెండు రకాలుగానూ చూడాలి.

3. లింకు నొక్కే ముందు పది సెకన్లు ఆగాలి

"స్పాన్సర్డ్" అని ఉంటే అది డబ్బిచ్చి పెట్టించుకున్న ప్రకటన. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2016లో ఇచ్చిన నివేదిక ప్రకారం, మిడిల్ స్కూలు పిల్లల్లో 80 శాతానికి పైగా ఇలాంటి ముద్ర ఉన్న ప్రకటనను వార్తే అనుకున్నారు. ఫలితాల పైన ఏఐ రాసిచ్చే సారాంశాన్ని నేరుగా ఎక్కించుకోనివ్వొద్దు. దాని పక్కనున్న లింకు తెరిచి, ఆ సంగతి నిజంగా ఆ పేజీలో ఉందో లేదో వెతకమనండి. కొన్నిసార్లు ఉండదు.

సైటు అడ్రసును కుడి నుంచి చదవడం నేర్పండి. పేరు తర్వాత వచ్చే మొదటి వాలుగీతకు సరిగ్గా ముందున్న ముక్కలే అసలు సంగతి చెబుతాయి. అక్కడ "జీఓవీ డాట్ ఇన్" ఉంటే ప్రభుత్వ సైటు. పేరు మధ్యలో ఎక్కడో "జీఓవీ" అని ఇరికించి, చివర "డాట్ కామ్" ఉంటే కాదు. అలాంటి పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు. స్కాలర్‌షిప్‌లకు అప్లై చేసే పిల్లలకు ఇది తప్పనిసరిగా తెలియాలి. తాళం గుర్తు చూసి నమ్మేయకూడదు. అది కనెక్షన్ భద్రం అని చెబుతుందే గానీ రాసింది నిజమని కాదు.

4. పేజీ వదిలి బయటికి రండి

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. సైటు అందంగా ఉందా, అచ్చుతప్పులున్నాయా, "మా గురించి" పేజీ ఉందా అని చూడమని పిల్లలకు చెబుతుంటాం. అబద్ధం రాసేవాళ్లకూ అందమైన సైటు కట్టడం వచ్చు. శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ అనే పరిశోధకులు చరిత్రకారులను, స్టాన్‌ఫర్డ్ విద్యార్థులను, వృత్తిగా ఫ్యాక్ట్‌చెక్ (నిజానిజాలు సరిచూడడం) చేసేవాళ్లను పక్కపక్కన పరీక్షించారు. చరిత్రకారులు, విద్యార్థుల్లో చాలామంది పేజీని పైనుంచి కిందికి చదువుతూ మోసపోయారు. ఫ్యాక్ట్‌చెకర్లు కాసేపటికే కొత్త ట్యాబులు తెరిచి, ఆ సైటు గురించి మిగతావాళ్లు ఏమంటున్నారో చూశారు.

హాకీ విషయంలోనూ అదే చేయించండి. "జాతీయ క్రీడ హాకీ" అన్న పేజీ అలాగే ఉంచి, కొత్త ట్యాబులో ఎవరు, ఎప్పుడు ప్రకటించారో వెతకమనండి. తేదీ గానీ, ఉత్తర్వు గానీ దొరకదు. దానికి బదులు 2012 నాటి వార్తలు దొరుకుతాయి. లక్నోలో ఒక స్కూలు పిల్ల సమాచార హక్కు చట్టం కింద అడిగితే, ఏ ఆటనూ జాతీయ క్రీడగా ప్రకటించలేదని క్రీడల మంత్రిత్వ శాఖ జవాబిచ్చింది. మరి ఇంతమంది ఎందుకు నమ్ముతున్నారన్నది కూడా వెతికించండి. ఒలింపిక్స్‌లో పురుషుల హాకీలో మన దేశానికి ఎనిమిది స్వర్ణాలు వచ్చాయి, 1928 నుంచి 1956 దాకా వరసగా ఆరు. ఆ పేరుప్రతిష్ఠల వల్లే జనం దాన్ని జాతీయ క్రీడ చేసేశారు.

ఇక్కడ "పది సైట్లలో ఉంది కదా సార్" అనే పిల్లలుంటారు. ఒక వాక్యాన్ని కాపీ చేసి కొటేషన్ల మధ్య పెట్టి వెతికించండి. పదింటిలోనూ అక్షరం పొల్లుపోకుండా అదే వాక్యం ఉంటే, పదిమంది కాదు, ఒక్కరే చెప్పినట్టు లెక్క.

5. ఫొటో ఎక్కడ పుట్టిందో చూడండి

దీపావళి వస్తే చాలు, "అంతరిక్షం నుంచి దీపావళి రాత్రి భారత్" అని రంగురంగుల మ్యాప్ వాట్సాప్‌లో తిరుగుతుంది. ఆ బొమ్మను గూగుల్ లెన్స్‌లో (బొమ్మతోనే వెతికే సాధనం) పెట్టించండి. నాసా 2012లో ఇచ్చిన వివరణ బయటపడుతుంది: అది ఒక్క రాత్రి తీసిన ఫొటో కాదు. ఏళ్ల తరబడి ఉపగ్రహాలు పంపిన సమాచారాన్ని కలిపి చేసిన బొమ్మ. తెలుపు 1992కు ముందే ఉన్న వెలుగులు, నీలం 1992వి, ఆకుపచ్చ 1998వి, ఎరుపు 2003వి. వరదలొచ్చినప్పుడు వాట్సాప్‌లో తిరిగే ఫొటోలకూ ఇదే పద్ధతి. దొరికిన వాటిలో అన్నిటికన్నా పాత తేదీ ఏదో చూడాలి.

6. రాసుకోవడం

పేజీలో నాలుగు గడులు గీయించండి: ఏం చెబుతున్నారు, ఎవరు చెబుతున్నారు, ఏ తేదీన, ఇంకెక్కడ సరిచూశాం. నాలుగో గడి ఖాళీగా ఉంటే హోంవర్కు పూర్తయినట్టు కాదు.

ఈ పాఠం వికటించే తీరు ఒకటుంది. అన్నీ అబద్ధాలే చూపిస్తే, పిల్లలు ఏదీ నమ్మకూడదన్న చోటికి వచ్చేస్తారు. అది మొదటి లింకు నమ్మడం కన్నా మేలేమీ కాదు. అందుకే వారం వారం సరిచూడమని మూడు వాక్యాలు ఇవ్వండి, వాటిలో కనీసం ఒకటి నిజమైనది ఉండాలి. వచ్చే వారానికి ఇవి ఇవ్వొచ్చు: కొల్లేరును 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేర్చారు. మన జాతీయ గీతాన్ని ప్రపంచంలోకెల్లా ఉత్తమమైనదిగా యునెస్కో ప్రకటించింది. చంద్రుడి మీద నుంచి చూస్తే చైనా గోడ కంటికి కనిపిస్తుంది. వీటిలో మొదటిది ఒక్కటే నిజం. ఆ మాట మాత్రం నాలుగు గడులూ నిండేదాకా పిల్లలకు చెప్పకండి.