కరెంటు రాగానే సర్వర్లన్నీ ఒకేసారి ఆన్ అయితే: నెట్‌వర్క్ బూట్ సమస్యలు, పరిష్కారాలు

ఏప్రిల్, మే నెలల్లో గాలిదుమారం లేచిందంటే వరంగల్, హన్మకొండలో కరెంటు పోవడం మామూలే. యూపీఎస్ బ్యాటరీలూ అయిపోతే, కరెంటు తిరిగి రాగానే ర్యాకుల్లోని సర్వర్లన్నీ ఒక్కసారే ఆన్ అవుతాయి. నెట్‌వర్క్ నుంచి బూట్ అయ్యేవైతే (అంటే సొంత డిస్క్ నుంచి కాకుండా, పీఎక్స్‌ఈ పద్ధతిలో మరో సర్వర్ నుంచి ఓఎస్ ఫైళ్లు తెచ్చుకుని లేచేవైతే) కొన్ని లేస్తాయి, కొన్ని మధ్యలో ఆగిపోతాయి. టెన్షన్‌లో అన్నింటినీ మళ్లీ రీస్టార్ట్ చేయకండి, అదే తోపులాట మళ్లీ మొదలవుతుంది. ఆగిపోయిన సర్వర్ ఒకదాని కన్సోల్ తెరిచి, ఎక్కడ ఆగిందో చూడండి.

పీఎక్స్‌ఈ-ఈ51 అని కనిపిస్తే

ఈ ఎర్రర్‌కు అర్థం, సర్వర్‌కు ఐపీ అడ్రస్ అందలేదని. చాలాసార్లు అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ ఇంకా లేవకపోవడమే కారణం. లేదంటే స్విచ్‌లో లూపులు రాకుండా చూసే స్పానింగ్ ట్రీ పోర్టును 30 సెకన్లు ఆపి ఉంచుతుంది, ఈలోపు సర్వర్ అడిగి అడిగి వదిలేస్తుంది. సర్వర్ పోర్టులకు ఈ ఆగుడు లేకుండా చేసే పోర్ట్‌ఫాస్ట్ పెట్టండి. డీహెచ్‌సీపీ మెషీన్ తన సొంత డిస్క్ నుంచే బూట్ కావాలి. లాగ్‌లో 'నో ఫ్రీ లీజెస్' అని ఉంటే అడ్రసుల పూల్ నిండిపోయినట్టే. ఫర్మ్‌వేర్, బూట్‌లోడర్, ఇన్‌స్టాలర్ వేర్వేరు గుర్తింపులతో అడిగితే ఒక్క సర్వరే రెండు మూడు అడ్రసులు తినేస్తుంది. పూల్ పెంచి, లీజు సమయం (ఒక అడ్రస్‌ను అట్టిపెట్టుకునే గడువు) తగ్గించండి.

పీఎక్స్‌ఈ-ఈ32 వస్తే, లేదా డౌన్‌లోడ్ నత్తనడక నడిస్తే

ఈ ఎర్రర్ అంటే, బూట్ ఫైళ్లు పంపే టీఎఫ్‌టీపీ సర్వర్ నుంచి జవాబు రాలేదని. అసలు చిక్కు ఎక్కువగా ఇక్కడే. మామూలు టీఎఫ్‌టీపీ 512 బైట్లు పంపి, అందిందన్న జవాబు వచ్చాకే తర్వాతి ముక్క పంపుతుంది. జవాబుకు 1 మిల్లీసెకను పట్టినా సెకనుకు 512 కేబీ దాటదు. 500 ఎంబీ ఇమేజ్‌కు 16 నిమిషాలు! రద్దీలో ప్యాకెట్లు పోతే ఇంకా ఘోరం. అందుకే టీఎఫ్‌టీపీతో హెచ్‌టీటీపీ కూడా తెలిసిన చిన్న ఐపీఎక్స్‌ఈ లోడర్‌ను మాత్రమే పంపండి, ఓఎస్ కెర్నల్, ఇమేజ్ హెచ్‌టీటీపీ మీద రానివ్వండి.

అయినా లెక్క వేసుకోవాలి. 100 సర్వర్లకు 500 ఎంబీ చొప్పున 50 జీబీ. 1 జీబీపీఎస్ లింకు నిండుగా నడిచినా 400 సెకన్లు. 10 జీబీపీఎస్ లింకు గానీ, రెండో బూట్ సర్వర్ గానీ ఉంటే మంచిదే. ఖర్చు లేని దారి మాత్రం విడతలుగా లేపడం. బయాస్‌లో కరెంటు వచ్చాక ఆఫ్‌లోనే ఉండేలా సెట్ చేసి, ముందు స్విచ్‌లు, తర్వాత డీహెచ్‌సీపీ, స్టోరేజ్, ఆ తర్వాత ఐపీఎంఐ (సర్వర్‌ను దూరం నుంచి ఆన్, ఆఫ్ చేసే సదుపాయం) స్క్రిప్టుతో పదేసి సర్వర్లు ఆన్ చేయండి. విడతకూ విడతకూ మధ్య ఇన్ని నిమిషాలని గుడ్డిగా పెట్టకండి. ముందు విడత డౌన్‌లోడ్ పూర్తయినట్టు హెచ్‌టీటీపీ లాగ్‌లో కనిపించాకే తర్వాతిది మొదలుపెట్టండి.

ప్రతిసారీ అవే సర్వర్లు ఆగుతుంటే

అది బహుశా రద్దీ వల్ల కాదు. ఆ పోర్టులు ఎల్ఏసీపీ బాండింగ్‌లో (కొన్ని కేబుళ్లను ఒకే లింకుగా కలపడం) ఉన్నాయేమో చూడండి. బూట్ సమయంలో ఫర్మ్‌వేర్ సాధారణంగా ఎల్ఏసీపీ మాట్లాడదు కాబట్టి స్విచ్ ఆ పోర్టును పక్కన పెడుతుంది. స్విచ్‌లో, అవతలివైపు ఎల్ఏసీపీ లేకున్నా పోర్టును నడిపించే ఎల్ఏసీపీ ఫాల్‌బ్యాక్ ఆన్ చేస్తే సరిపోతుంది.