ఘాట్‌లో హీట్, హైవేలో నార్మల్: ముందు ఫ్యాన్ కవరు చూడండి

లోడు మీద ఘాట్ ఎక్కుతుంటే టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దగ్గరికి పోతుంది. పైకెక్కి బండి అరవైలో పడగానే దిగిపోతుంది. ట్రాఫిక్‌లో పది నిమిషాలు నిలబడితే మళ్లీ లేస్తుంది. ఈ కంప్లైంట్‌తో వచ్చిన బండికి చాలాచోట్ల జరిగే వైద్యం ఒకటే. మొదట కూలెంట్ మారుస్తారు. తగ్గకపోతే థర్మోస్టాట్ వాల్వ్ తీసి పక్కన పెడతారు. తర్వాత రేడియేటర్ విప్పి క్లీన్ చేయిస్తారు, ఆఖరికి వాటర్ పంప్ కూడా మారుస్తారు. ఇంత ఖర్చు అయ్యాక కూడా టార్చ్ వేసి ఫ్యాన్ కవరు కింది అంచు చూసినవాళ్లు ఉండరు. రెండు నిమిషాల పని అది.

ఫ్యాన్ కవరు అంటే రేడియేటర్ వెనక ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ లేదా రేకు గూడు. పార్ట్స్ షాపులో ష్రౌడ్ అనో, కౌలింగ్ అనో అడిగితే ఇస్తారు. నేను ఇక్కడ ఎక్కువగా చెప్పేది పికప్‌లు, మినీ లారీలు, జీపుల్లాంటి బళ్ల గురించి. వీటిలో ఫ్యాన్ ఇంజన్‌కు ఉంటుంది, కవరు రేడియేటర్‌కు ఉంటుంది. బాధంతా ఈ తేడాలోనే పుడుతుంది. ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఉన్న కార్ల సంగతి చివర్లో చెప్తాను.

కూలెంట్ లెవెల్, బెల్ట్ టెన్షన్, క్యాప్ రబ్బరు, రేడియేటర్ ముందు పేరుకున్న పురుగులు, బురద, ఇవన్నీ మీరు చూసేశారనే అనుకుని మొదలుపెడుతున్నాను. ఏసీ ఉన్న బండిలో కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులో చెత్త ఉంటుంది, అది ముందు నుంచి కనపడదు. వరికోతల కాలంలో పొలాల వెంట తిరిగిన బండి అయితే ఆ సందు తప్పకుండా చూడండి.

గాలి సమస్యా, నీళ్ల సమస్యా?

బండి వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలి తనంతట తానే రేడియేటర్‌లోంచి దూరిపోతుంది, ఫ్యాన్‌తో పెద్ద అవసరం ఉండదు. నెమ్మదిగా పోతున్నప్పుడు, నిలబడినప్పుడు వచ్చే గాలంతా ఫ్యాన్ లాగేదే. కాబట్టి నెమ్మది మీద హీటెక్కి వేగంలో చల్లబడితే అది గాలి సమస్య. హైవే మీద ఎనభైలో పోతున్నా ముల్లు లేస్తుంటే అది నీళ్ల వైపు సమస్య. అంటే కోర్ (రేడియేటర్ మధ్యలో నీళ్లు పారే సన్నటి ట్యూబుల జాలీ) లోపల గార పట్టి ఉండొచ్చు, వాల్వ్ పూర్తిగా తెరుచుకోకపోవచ్చు, పంప్ రెక్కలు తినేసి ఉండొచ్చు. ఈ ఒక్క ప్రశ్న ముందే అడిగితే సగం అనవసరపు పార్టులు కొనక్కర్లేదు.

ఇప్పుడు ఇంజన్ వేడి చేసి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేక్ వేసి ఒక న్యూస్ పేపర్ తీసుకోండి. అరపేజీ ముక్క చాలు. రేడియేటర్ ముందు వైపు, అంటే గ్రిల్ వైపు నుంచి పేపర్‌ను నాలుగు మూలలకూ మధ్యకూ ఆనించి చూడండి. మధ్యలో అతుక్కుని మూలల్లో జారిపోతుంటే కవరు తన పని చేయడం లేదు. రేడియేటర్ పలకలా ఉంటుంది, ఫ్యాన్ గుండ్రంగా ఉంటుంది. 60 సెంటీమీటర్ల వెడల్పు, 45 ఎత్తు ఉన్న రేడియేటర్ వెనక 40 సెంటీమీటర్ల ఫ్యాన్ పెడితే ఫ్యాన్ ఎదురుగా ఉండేది సగం కూడా కాదు. మిగతా సగంలోంచి గాలి లాగించేది కవరే.

రెండో పరీక్షకు అగరుబత్తి కావాలి. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా కవరు, రేడియేటర్ కలిసే అంచు వెంట పొగను మెల్లగా నడిపించండి. ఎక్కడ పొగ సందులోకి చటుక్కున లాక్కుపోతే అక్కడ లీకు ఉన్నట్టే. కోర్‌లోంచి రావాల్సిన గాలి ఆ సందులోంచి వస్తోంది. భుజం మీద కండువా, మెడలో గొలుసు, వేలాడే చొక్కా అంచు ఉంటే తీసేసిగానీ ఈ పరీక్షలు చేయకండి. ఫ్యాన్ తిరిగే సూటిలో నిలబడకండి.

అందరూ వదిలేసే చెకింగ్

చాలా బళ్లలో కవరుకు పైన బోల్టులు, కింద రెండు కొక్కేలు ఉంటాయి. రేడియేటర్ పని అయ్యాక కవరును పై నుంచి దింపుతారు. పై బోల్టుల రంధ్రాలు సరిపోగానే బిగించేస్తారు. కింది కొక్కేలు గాడిలో కూర్చోకుండా ముందుకో వెనక్కో వేలాడుతూ ఉండిపోతాయి. పైనుంచి చూస్తే అంతా సరిగ్గానే కనిపిస్తుంది. కింద మాత్రం రెండు వేళ్లు పట్టే సందు. బండి కిందికి దూరి టార్చ్ వేస్తే తప్ప ఇది తెలియదు. దయచేసి దూరండి. ఒక్కోసారి మొత్తం రిపేరు ఇంతే.

కొక్కేలు విరిగిపోయి ఉంటే బైండింగ్ వైరుతో కట్టేయకండి. వైరు వదులై రేడియేటర్ ట్యాంక్‌ను కోసేసిన బళ్లు చూశాను. చిన్న ఎల్ ఆకారపు రేకు ముక్క, వాషర్లు, బోల్టు పెట్టి బిగించండి. కవరు అంచున ఫోమ్ లేదా రబ్బరు పట్టీ చివికిపోయి ఉంటే డోర్ బీడింగ్ ముక్క బాగా సరిపోతుంది.

నన్ను బాగా దెబ్బకొట్టిన కారణం

దోర్నాల ఘాట్‌లో శ్రీశైలానికి సరుకులు తోలే మినీ లారీ ఒకటి నా దగ్గరికి వచ్చింది. పైన చెప్పిన కంప్లైంటే. రేడియేటర్ పాతది, లోపల గార కట్టి ఉంది కాబట్టి అదే కారణం అనుకున్నాను. కొత్తది వేశాను. వాటర్ పంప్ కూడా మార్చాను. పన్నెండు రోజులకు బండి లాక్కుని వచ్చారు, హెడ్ గ్యాస్కెట్ పోయింది. "అన్నా, కొత్త రేడియేటర్ వేసినా అంతే ఉంది" అన్నాడు డ్రైవరు. అతని తప్పేమీ లేదు.

అప్పుడు మళ్లీ మొదటి నుంచి చూశాను. కవరు కింది భాగంలో అర్ధచంద్రాకారంలో హ్యాక్సా బ్లేడుతో కోసేసి ఉంది. ఎవరో ఎప్పుడో కోశారు. ఆ కోసిన కవరునే నా చేతులతో కొత్త రేడియేటర్‌కు బిగించాను. రంధ్రాలు చూశాను, బోల్టులు చూశాను, ఆ కోత మాత్రం నా కంటికి ఆనలేదు. ఇప్పటికీ ఆ బండి గుర్తొస్తే బాధ కలుగుతుంది.

కవరును ఎందుకు కోస్తారు? ఫ్యాన్ టకటకమని తగులుతుంది కాబట్టి. ఫ్యాన్ ఎందుకు తగులుతుంది? ఇంజన్ కిందికి దిగింది కాబట్టి. ఇంజన్ కింద ఉండే ఫౌండేషన్ రబ్బర్లు, అంటే మౌంటింగులు, ఏళ్ల తరబడి బరువు మోసి నలిగి కుంగిపోతాయి. ఆ లారీలో పాత రబ్బరును కొత్తదాని పక్కన పెట్టి స్కేలుతో కొలిస్తే దాదాపు రెండు సెంటీమీటర్లు తేడా వచ్చింది. ఇంజన్‌తో పాటు ఫ్యాన్ కూడా రెండు సెంటీమీటర్లు దిగింది. రేడియేటర్, దానికి ఉన్న కవరు మాత్రం ఛాసిస్ మీద ఎక్కడివి అక్కడే ఉన్నాయి. కింద తగులుతుంది, పైన సందు పెరుగుతుంది. కింద కోసేశాక అక్కడా సందు తయారవుతుంది.

సందు పెరిగితే ఏమవుతుందో లెక్క వేసి చూడండి. 40 సెంటీమీటర్ల ఫ్యాన్ చుట్టూ సందు 1.2 సెంటీమీటర్లు ఉంటే ఆ సందు మొత్తం వైశాల్యం ఫ్యాన్ వైశాల్యంలో ఎనిమిదో వంతు. అదే సందు రెండున్నర సెంటీమీటర్లయితే పావు వంతు దాటిపోతుంది. ఫ్యాన్ వెనక్కి నెట్టిన వేడి గాలి రెక్కల చివర్ల మీదుగా తిరిగి ముందుకొస్తుంది, దాన్నే ఫ్యాన్ మళ్లీ లాగుతుంది. ఫ్యాన్ చప్పుడు మామూలుగానే ఉంటుంది, గాలి విసురు కూడా చేతికి బాగానే తగులుతుంది. కోర్‌లోంచి మాత్రం రావాల్సినంత గాలి రాదు. అందుకే ఇది అంత తేలిగ్గా దొరకదు.

దీన్ని పట్టుకోవాలంటే రాపిడి గుర్తులు చదవడం నేర్చుకోవాలి. ఇంజన్ ఆపి, చల్లారాక కవరు లోపలి అంచును గుడ్డతో తుడిచి చూడండి. ఫ్యాన్ రెక్కలన్నీ చివర్లలో సమానంగా అరిగి, కవరు మీద గుర్తు ఒకే చోట ఉంటే ఫ్యాన్ సరిగ్గానే తిరుగుతోంది, కవరుకూ ఇంజన్‌కూ మధ్య స్థానం మారింది. ఆ గుర్తు కింది వైపు ఉంటే ఇంజన్ దిగింది. పై వైపు ఉంటే రేడియేటర్ దిగింది, దాని కింద ఉండే చిన్న రబ్బరు బుష్‌లు ఊడిపోయి ఉంటాయి. రేడియేటర్ మార్చేటప్పుడు పాత బుష్‌లు పాత రేడియేటర్‌తో పాటే స్క్రాప్‌లోకి పోవడం మామూలే. గుర్తు ఒక పక్కకు ఉంటే ఒక వైపు మౌంటింగ్ మాత్రమే పోయింది. ఇలా కాకుండా ఒకే రెక్క అరిగి, కవరు మీద చుట్టూ గుర్తులుంటే ఆ రెక్క వంగింది. ఫ్యాన్‌ను చేత్తో పట్టుకుని ఊపితే కదులుతుంటే పంప్ బేరింగ్ పోయింది.

మౌంటింగ్ పోయిందని అనుమానం వస్తే ఆయిల్ చాంబర్ కింద వెడల్పాటి చెక్క పెట్టి జాకీతో కొద్దిగా లేపండి. చెక్క లేకుండా లేపితే చాంబర్ సొట్టపోతుంది. లేపుతుంటే రబ్బరు ఇనుప పలక నుంచి విడిపోవడం కళ్లకు కనిపిస్తుంది. ఆయిల్ కారే వైపు రబ్బరు ముందు పోతుంది, ఆయిల్‌లో నానిన రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. కాబట్టి లీకు ఆపకుండా రబ్బరు మార్చినా ఎక్కువ కాలం నిలవదు.

మార్చేటప్పుడు రెండు వైపులా కలిపి మార్చండి, గేర్‌బాక్స్ కిందిది కూడా చూడండి. కోసిన కవరును కూడా అదే రోజు తీసేయండి. రబ్బర్లు మాత్రమే మార్చి కోసిన కవరు అలాగే ఉంచితే హీట్ తగ్గదు. కొత్త కవరు మాత్రమే వేసి రబ్బర్లు వదిలేస్తే కొద్ది రోజుల్లోనే ఫ్యాన్ దాన్ని పగలగొడుతుంది. పాత మోడల్ కావడం వల్ల కొత్త కవరు దొరకకపోతే కోసిన చోట రేకు ముక్కను అదే వంపులో వంచి, పాప్ రివెట్లతో వాషర్లు వేసి అతకండి. ఆ మినీ లారీకి అప్పుడు అదే చేశాను. ఆ తర్వాత వేసవి అంతా అదే ఘాట్‌లో తిరిగింది, మళ్లీ హీట్ కంప్లైంట్‌తో రాలేదు.

బిగించే పద్ధతి

కవరు బోల్టులన్నీ వదులుగా పట్టించి, బ్యాటరీ కేబుల్ తీసేసి, ఫ్యాన్‌ను చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పండి. రెక్క చివరకూ కవరుకూ మధ్య చుట్టూ ఒకే సందు ఉండాలి. కవరు రేడియేటర్‌కు ఉండే బళ్లలో అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం వరకు నేను ఉంచుతాను, అంటే బొటనవేలు బిగుతుగా దూరాలి. అంతకన్నా తగ్గిస్తే ఇంజన్ ఊగినప్పుడు తగులుతుంది. సందు కుదిరాక ఎదురెదురు బోల్టులు కొంచెం కొంచెంగా బిగించండి. ప్లాస్టిక్ కవరు రంధ్రాల్లో ఇనుప కాలర్లు ఉంటాయి. అవి పోయి ఉంటే కొత్తవి వేయండి, లేకపోతే బోల్టు బిగించే కొద్దీ ప్లాస్టిక్ నలిగి చెవి విరుగుతుంది. పొడవు ఎక్కువున్న బోల్టు పెడితే కోర్‌కే రంధ్రం పడుతుంది, పాత బోల్టు పక్కన పెట్టి కొలుచుకోండి.

లోతు కూడా చూడాలి. పక్క నుంచి చూసినప్పుడు రెక్క వెడల్పులో దాదాపు మూడింట రెండు వంతులు కవరు లోపల, ఒక వంతు ఇంజన్ వైపు బయట ఉండాలి. ఫ్యాన్ మొత్తం బయటే తిరుగుతుంటే కవరు ఉన్నా లేనట్టే. వేరే మోడల్ పంప్ వేసినప్పుడో, ఫ్యాన్‌కూ పంప్‌కూ మధ్య ఉండే స్పేసర్ ముక్క వేయడం మరిచినప్పుడో ఇలా జరుగుతుంది.

అరుదుగా వచ్చేవి

ఫ్యాన్ ముందు వెనకలు మార్చి బిగిస్తే గాలి దిశ మారదు, బలం మాత్రం బాగా తగ్గుతుంది. రెక్క వంపు చూస్తే తెలిసిపోతుంది. క్లచ్ ఫ్యాన్ (ఇంజన్ వేడెక్కినప్పుడు పట్టుకుని గట్టిగా తిరిగే రకం) పట్టు వదిలేసి ఉండొచ్చు. వేడి ఇంజన్ ఆపగానే చేత్తో తిప్పితే గిరగిరా తిరిగిపోతుంటే అదే. వర్షాకాలంలో వాగు దాటాక కోర్ మీద గుండ్రటి గీతలు పడితే నీళ్లలో రెక్కలు ముందుకు వంగి తగిలాయి.

ఎలక్ట్రిక్ ఫ్యాన్ కార్లలో వైర్లు తారుమారైతే ఫ్యాన్ గాలిని ముందుకు తోస్తుంది, గ్రిల్ వైపు పెట్టిన పేపర్ ఎగిరిపోతుంది. కొన్ని కవర్లకు చిన్న రబ్బరు రెక్కలుంటాయి. అవి వేగంలో తెరుచుకుని గాలిని వదలడానికి పెట్టినవి, చిరిగాయనుకుని టేపు వేసేస్తే హైవే మీద హీటెక్కుతుంది. ఫ్యాన్‌ను కోర్‌లోంచి ప్లాస్టిక్ టైలతో కట్టి ఉంటే తీసేయండి, ఆ టైలు రాసుకుని ట్యూబులు కారతాయి. వేడి మీద ఉన్న కార్లో తాళం తీసేసినా ఫ్యాన్ ఉన్నట్టుండి తిరగొచ్చు, కనెక్టర్ పీకాకే చెయ్యి పెట్టండి.

పని అయ్యాక పేపర్ పరీక్ష మళ్లీ చేయండి. నాలుగు మూలలా అతుక్కోవాలి. కొత్త రబ్బర్లు మొదట్లో కొద్దిగా సర్దుకుంటాయి కాబట్టి 500 కిలోమీటర్లు తిరిగాక బండి పిలిపించి కవరు సందు మళ్లీ కొలవండి, లోపలి అంచు మీద కొత్త గీత పడిందేమో వేలితో తడిమి చూడండి.