పికప్ బండి కొనేముందు: మీ సరుకుకు ముందు నిండేది బరువా, చోటా?

బెంగళూరులో మారతహళ్ళి, మున్నేకొళాల వైపు ఇరవై రెండు పీజీ హాస్టళ్ళకు కూరగాయలూ బియ్యమూ వేస్తాను. మాది మదనపల్లె దగ్గర పల్లె. వారానికి మూడు ట్రిప్పులు మదనపల్లె నుంచి చింతామణి, హొస్కోటె మీదుగా సరుకు దిగుతుంది. మిగతా రోజులు బెంగళూరులోనే కలాసిపాళ్యం మార్కెట్ నుంచి. బండి మా మరిది నడుపుతాడు, లెక్క నేను చూస్తాను. పోయినేడు పాత బండి ఇచ్చేసి కొత్తది కొనేముందు ఆరు వారాలు తిరిగాను. మహీంద్రా బొలెరో పికప్, టాటా ఇంట్రా, అశోక్ లేలాండ్ దోస్త్, ఈ మూడింటి మధ్యే నా ఊగిసలాట. మీ వ్యాపారం వేరే కావచ్చు, బేరీజు వేసే పద్ధతి మాత్రం ఇదే పనికొస్తుంది.

షోరూమ్ గడప తొక్కకముందు చేయాల్సిన పని ఒకటుంది. రెండు వారాలపాటు ప్రతి ట్రిప్పు సరుకూ నోటుబుక్కులో రాయండి. ఎన్ని కిలోలు, బండి వెనక సరుకు వేసే తొట్టి ఎంత నిండింది, ఈ రెండూ పక్కపక్కన. నాకు కళ్ళు తెరిపించింది ఆ పుస్తకమే. నెల మొదట్లో బియ్యం మూటలు అరవై ఎక్కిస్తే 1,560 కిలోలు, కానీ నడుము ఎత్తు కూడా రాదు. అదే గురువారం కొత్తిమీర, పాలకూర, కాలీఫ్లవర్ ఎక్కితే ఏడు వందల కిలోలకే పైన కప్పే టార్పాలిన్ పట్ట కట్టడానికి తాడు చాలదు. అంటే బియ్యానికి బరువు ముందు నిండుతుంది, ఆకుకూరకు చోటు ముందు నిండుతుంది. మీ సరుకు వీటిలో ఏ రకమో తేలితే బండి సగం తేలినట్టే. అది తెలియకుండా వెళ్తే షోరూమ్ వాళ్ళు ఏది అమ్మదలిస్తే అదే మీకు సరిపోయే బండి అవుతుంది.

(బియ్యం మూట 26 కిలోలేమిటని అడుగుతారేమో. 2022 జూలై నుంచి 25 కిలోల దాకా ఉన్న ప్యాకెట్టు బియ్యానికి జీఎస్టీ పడుతోంది. అందుకని మిల్లులవాళ్ళు 26 కిలోల మూటలు కడుతున్నారు.)

ఇక బరువు సంగతి. ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి, మేము డబ్బు పోగొట్టుకున్నది ఇక్కడే. కరపత్రంలో పెద్ద అక్షరాలతో ఉండే పేలోడ్ అంకె మొత్తం మీ సరుకుది కాదు. బండి, మనుషులు, సరుకు అన్నీ కలిపి దాటకూడని బరువు ఒకటుంటుంది, దాన్నే జీవీడబ్ల్యూ అంటారు. అందులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే వచ్చేది పేలోడ్. ఉదాహరణకు మొత్తం 2,990, ఖాళీ బండి 1,600 అనుకోండి. చేతికి 1,390 వచ్చింది. ఇప్పుడు డ్రైవరూ హెల్పరూ కలిసి 140. మీరు చేయించుకున్న ఇనుప జాలీ 120. పట్ట, తాళ్ళు, సామాన్లు 30. మిగిలింది 1,100. టమాటా క్రేటు సరుకుతో కలిపి 27 కిలోలు తూగుతుంది. కాగితం మీద 51 క్రేట్లు పట్టాల్సిన బండిలో నిజంగా పట్టేది 40.

మా పాత బండికి నేనే దగ్గరుండి మందం పైపులతో ఎత్తుగా జాలీ కట్టించాను. దాని బరువు ఎంతని ఆలోచించనేలేదు. ఒకరోజు పొద్దున హొస్కోటె దగ్గర తనిఖీలో కాటా వేస్తే దాదాపు మూడు వందల కిలోలు ఎక్కువ తేలింది. 2019లో మోటారు వాహనాల చట్టం మార్చాక ఓవర్‌లోడుకు జరిమానా 20,000 రూపాయలు, ఆపైన ఎక్కువైన ప్రతి టన్నుకూ 2,000. జరిమానా కడితే వదిలేయరు కూడా. ఎక్కువైన సరుకు దించితేగానీ బండి కదలకూడదు. పదకొండు క్రేట్లు రోడ్డు పక్కన మట్టిలో దించి, నేను ఎండలో కాపలా కూర్చుంటే మా మరిది మిగతా సరుకు చేర్చి మళ్ళీ వచ్చాడు. అడుగు క్రేట్ల కాయలు అప్పటికే చెమ్మగిల్లాయి. ఆ రోజు నుంచి కాటా చీటీ లేకుండా నేను ఏ అంకెనూ నమ్మను.

అందుకే షోరూమ్‌లో కుర్రాడు, అనంతపురం వాడు, "అక్కా, పేలోడ్ ఇక్కడ రాసుంది కదా" అన్నప్పుడు, "తమ్ముడూ, డెమో బండిని ఒకసారి కాటా మీదికి ఎక్కిద్దాం పద" అన్నాను. కాదనలేదు. కాటాకు అయ్యే ఖర్చు రెండు భోజనాలంత కూడా ఉండదు. మూడు కంపెనీల బళ్ళనూ ఒకే కాటా మీద, ఇంధనం ఇంచుమించు ఒకే మట్టాన ఉన్నప్పుడు తూచండి. బాడీ లేకుండా క్యాబిన్, చాసిస్ మాత్రమే కొనేవాళ్ళయితే కట్టించే బాడీ బరువును కట్టేవాడి దగ్గర ముందే కాగితం మీద రాయించుకోండి.

3,000 కిలోల గీత కూడా గుర్తుంచుకోండి. జీవీడబ్ల్యూ 3,000 కిలోలు దాటని సరుకు బండికి గూడ్స్ పర్మిట్ అక్కర్లేదని మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్లోనే ఉంది. చాలా పికప్‌లు ఆ గీతకు కాస్త కిందే ఆగేలా తయారవడానికి కారణం అదే. దాటిన బండి ఎక్కువ మోస్తుంది, కానీ పర్మిట్ ఖర్చు ఏటా మీ లెక్కలో ఉండాలి.

చోటు కొలవడానికి నేను చేసిన పని చెబుతాను. మేడ మీద సుద్దముక్కతో రెండు తొట్లు గీశాను. రెండూ అయిదున్నర అడుగుల వెడల్పే. పొడవు మాత్రం ఒకటి తొమ్మిది అడుగులు, ఒకటి పది. మా క్రేటు 60 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు. ఖాళీ క్రేట్లు తెచ్చి పేర్చాను. తొమ్మిదడుగుల గీతలో వరుసకు నాలుగు చొప్పున నాలుగు వరుసలు, పదహారు. చివర్లో జానెడు పైన చోటు మిగిలింది గానీ అందులో క్రేటు పట్టదు. అటూ ఇటూ తిప్పి తిప్పి పేర్చితే పదిహేడోది దూరింది. పదడుగుల గీతలో అయిదు వరుసలు సరిగ్గా కూర్చున్నాయి, ఇరవై. ఒక్క అడుగు తేడాకు అంతస్తుకు మూడు నాలుగు క్రేట్లు తేడా. మూడు అంతస్తులు పేరిస్తే తొమ్మిది నుంచి పన్నెండు దాకా. పైగా మిగిలిన సందు ఊరికే ఉండదు, మలుపులో క్రేట్లు ఆ సందులోకి జరిగి పక్కకు ఒరుగుతాయి. బొలెరో మ్యాక్స్ వరుసలో 3,050 మిల్లీమీటర్ల దాకా తొట్టి ఉందని కరపత్రంలో చూసినప్పుడు నాకు ముందు తట్టింది ఆ అయిదో వరుసే. మీరు గ్యాస్ సిలిండర్లు వేస్తారో, నీళ్ళ క్యాన్లు వేస్తారో, షామియానా గొట్టాలు వేస్తారో, వాటితోనే ఈ పని చేయండి. కరపత్రంలోది కాక తొట్టి లోపలి కొలత టేపుతో మీరే తీయండి, చక్రం ఉబ్బు లోపలికి వచ్చిందేమో చూడండి.

నేల నుంచి తొట్టి ఎంత ఎత్తులో ఉందో కూడా కొలవాలి. మా దగ్గర మూటలు దించే పెద్దాయనకు యాభై దాటాయి. తొట్టి ఆయన నడుముకు పైన ఉంటే ప్రతి మూటనూ చేతులు పైకెత్తి లాగాలి, రోజుకు అరవై సార్లు. ఈ బండి అయితే బాగుంటుందమ్మా అని ఆయన చేత్తో తట్టి చూపించాడు. అది ఏ కరపత్రంలోనూ దొరకని మాట.

బొలెరోకు ముక్కు ముందుకుంటుంది, ఇంజన్ దాని కింద. దోస్త్, ఇంట్రా చదును మొహం బళ్ళు, ఇంజన్ సీటు కింద ఉంటుంది. చదును మొహం బండికి అంతే తొట్టి ఉన్నా మొత్తం పొడవు తగ్గుతుంది, సందుల్లో తేలిగ్గా తిరుగుతుంది. కానీ మే నెలలో సీటు కింద వేడి ఎలా ఉంటుందో డ్రైవరును అడగాలి. ముక్కు బండిలో ఆయిలూ బెల్టూ చూడటం సులువు, ఎదర ఏదో ఉందన్న ధైర్యమూ ఉంటుంది. మున్నేకొళాలలో ఒక పీజీ సందు ఉంది, రెండు వైపులా బైకులు. మూడు డెమో బళ్ళనూ ఆ సందులోకే తీసుకెళ్ళమన్నాను. ఒక్క దెబ్బకు తిరిగిందా, వెనక్కీ ముందుకీ ఎన్నిసార్లు ఆడించాల్సి వచ్చింది, అదే రాసుకున్నాను. మీరు రోజూ పోయే సందుల్లో అన్నిటికన్నా ఇరుకైనది ఏదో మీకే తెలుసు.

ఖాళీ బండిని టెస్ట్ డ్రైవ్ చేసి మురిసిపోకండి. ఖాళీగా ఉంటే అన్నీ పరిగెత్తుతాయి. నేను మా కొట్లోంచి నలభై బియ్యం మూటలు ఎక్కించి ఇచ్చాను. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే సగంలో ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, మళ్ళీ కదిలించమన్నాను. వెనక్కి జారిందా, ఎంత యాక్సిలరేటర్ తొక్కాల్సి వచ్చింది, క్లచ్ వాసన వచ్చిందా, ఈ మూడూ చూడండి. సాయంత్రం ఆరింటికి కె.ఆర్.పురం దగ్గర గంటసేపు హాఫ్ క్లచ్ మీద పాకే బండికి ఇదే అసలు పరీక్ష. బొలెరో పికప్‌ది రెండున్నర లీటర్ల ఇంజన్, దోస్త్, ఇంట్రా వీ30 లాంటి డీజిళ్ళు ఒకటిన్నర లీటరువి. పెద్ద ఇంజన్ బరువు మీద నింపాదిగా లాగుతుంది, చిన్నది డీజిలు మిగులుస్తుంది. కానీ చిన్నదాన్ని రోజూ పూర్తి బరువుతో తోలితే ఆ మిగులు అంత ఉండదు. డీజిలు లెక్క మీ బరువుతోనే వేయండి. ట్యాంకు నిండా పోసి, మీ దారిన ఒక ట్రిప్పు తిప్పి, మళ్ళీ నిండా పోస్తే నిజం తెలుస్తుంది. వాళ్ళు రెండు రోజులు బండి ఇవ్వకపోతే అదే మోడలు తోలే డ్రైవర్లను కలాసిపాళ్యంలో తెల్లవారుజామున పట్టుకోండి. ఓనర్లను అడిగితే కొన్నదాన్ని మెచ్చుకుంటారు, జీతానికి తోలేవాళ్ళు ఉన్నదున్నట్టు చెబుతారు.

2020 ఏప్రిల్ తర్వాతి డీజిలు బళ్ళన్నీ బీఎస్ 6 కాలుష్య నియమాల ప్రకారం చేసినవే. పొగలో మసిని పట్టే జల్లెడ ఉందా, దాన్ని డీపీఎఫ్ అంటారు, పొగను శుద్ధి చేసే డెఫ్ ద్రవం విడిగా పోయాలా, ఈ రెండూ ప్రతి బండికీ విడివిడిగా అడగండి. జల్లెడలో చేరిన మసి పొగ బాగా వేడెక్కితేనే కాలుతుంది. రోజంతా రెండు కిలోమీటర్లకొకసారి ఆగే సిటీ బండికి అది ఇబ్బందే. మాకు మదనపల్లె దారి ఉంది కనక గంటన్నర గట్టిగా పరిగెత్తుతుంది, ఆ బాధ తక్కువ. ఊళ్ళోనే తిరిగేవాళ్ళు సీఎన్జీ రకాలు చూడొచ్చు. అయితే సిలిండరు బరువు పేలోడ్‌లోంచే పోతుంది, మూడేళ్ళకొకసారి దానికి పరీక్ష చేయించాలి.

విడిభాగాల ధర ముందే కనుక్కోండి. నేను జె.సి. రోడ్డుకెళ్ళి నాలుగు వస్తువుల ధర మూడు బళ్ళకూ రాయించుకున్నాను. క్లచ్ సెట్టు, వెనక కమాన్ (స్ప్రింగు) కట్టలో మెయిన్ పట్టా, ముందు బ్రేకు ప్యాడ్లు, వెనక టైరు. ధరతో పాటు కొట్లో ఇప్పుడు ఉందా, తెప్పించాలా అనేది కూడా. బండి మూడు రోజులు ఆగితే నేను బాడుగ బండి పెట్టాలి, ఆ ఖర్చు ముందు క్లచ్ ధరలో తేడా ఏపాటిది?

డబ్బు విషయం క్లుప్తంగా. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు బళ్ళ మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, పాత ధరల కాగితం ఎవరైనా చూపిస్తే పక్కన పెట్టేయండి. "ఆ జీఎస్టీ మీకు క్రెడిట్ వస్తుంది" అని చెబుతారు, అంటే మీ సరుకు మీద మీరు కట్టాల్సిన జీఎస్టీలో దాన్ని తగ్గించుకోవచ్చని. తాజా కూరగాయలకు జీఎస్టీ లేదు, 26 కిలోల మూట బియ్యానికీ లేదు. పన్నులేని సరుకు అమ్మేవాళ్ళకు ఆ క్రెడిట్ రాదు. ఈ ఒక్క మాట తెలియక మా వాళ్ళలో ఒకాయన లక్షకు పైగా తప్పుడు లెక్క వేసుకున్నాడు. కంతులు పోల్చేటప్పుడు మొదట కట్టేదీ, నెలలూ మూడింటికీ ఒకటే పెట్టి, చివరికి మొత్తం ఎంత కడతారో చూడండి.

లైసెన్సు గురించి మా మరిదికి భయం ఉండేది, వాడి దగ్గర కారు లైసెన్సే. 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది, లైట్ మోటార్ వెహికల్ లైసెన్సుతో 7,500 కిలోల లోపు సరుకు బండి నడపొచ్చు. ఫిట్‌నెస్ కొత్త బండికి మొదటి ఎనిమిదేళ్ళూ రెండేళ్ళకొకసారి, ఆ తర్వాత ఏటా.

మా అన్న కొడుకు ఇసుజు వి-క్రాస్ తీసుకోమన్నాడు, మన శ్రీసిటీలోనే తయారవుతుందని. బలమైన బండే, చూడముచ్చటగానూ ఉంటుంది. టయోటా హైలక్స్ అయితే 2022లో వచ్చినప్పుడే 34 లక్షల దగ్గర మొదలైంది. అయిదుగురు కూర్చుని తోటకు పోయే కుటుంబానికి అవి. క్రేట్లు మోసేవాళ్ళకు వాటి తొట్టి పొట్టి.

చివరికి నేను పదడుగుల తొట్టి, 1.7 టన్నుల పేలోడ్ ఉన్న బొలెరో రకం తీసుకున్నాను, పర్మిట్ ఖర్చు ఒప్పుకునే. మదనపల్లె దారి లేకపోయి సందులే నా లోకమైతే ఇంట్రా తీసుకునేదాన్ని. జాలీ ఈసారి కట్టించలేదు, పట్టతో సరిపెట్టాం.

బండి చేతికిచ్చే రోజు టైర్ల మీది నాలుగంకెల తేదీ చూడండి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. స్టెప్నీ, జాకీ చూసుకుని, నేరుగా కాటాకు పోండి. డ్రైవరూ హెల్పరూ ఎక్కి, పట్టా తాళ్ళూ వేసుకుని తూయించండి. జీవీడబ్ల్యూలోంచి ఆ చీటీ బరువు తీసేయండి. మాకు 1,530 మిగిలింది. అదే రోజు డ్రైవరు తలుపు లోపలివైపు మార్కరుతో రాయించాను: టమాటా 56, బియ్యం 58.