ఘాట్ రోడ్డు ఎక్కించే ముందు: పెద్ద మోటారున్న ఎలక్ట్రిక్ బైకును పరీక్షించే విధానం

ఒడిశాలోని రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో మనవాళ్ళు కొందరు పెద్ద మోటారున్న ఎలక్ట్రిక్ బైకులు కొంటున్నారు, మరికొందరు పాత బండికే మోటారు, దానికి వెళ్ళే కరెంటును అదుపు చేసే కంట్రోలరు బిగించుకుంటున్నారు. పెట్రోలు బండి మీద ఏళ్ళ తరబడి చేయి తిరిగినవారు కూడా ఇక్కడ పొరబడుతున్నారు. ఈ మోటారు కదలని స్థితి నుంచే పూర్తి బలంతో లాగుతుంది, చాలా వాటిలో పట్టి వదలడానికి క్లచ్ ఉండదు, వేగం పెరిగిందని హెచ్చరించే చప్పుడూ ఉండదు. బెంగళూరులో తయారయ్యే అల్ట్రావయొలెట్ ఎఫ్77 వంటి బండి గంటకు 150 కిలోమీటర్లు దాటగలదు. గంటకు 60 నుంచి 120కి చేరితే వేగం రెట్టింపే అయినా, బ్రేకులు ఆపవలసిన శక్తి నాలుగింతలవుతుంది.

మొదటి పరీక్ష షెడ్డులోనే జరగాలి. తీగలను ముట్టుకునే ముందు బ్యాటరీని విడదీసి, ఉంగరాలు, గొలుసులు తీసివేసి, కొన్ని నిమిషాలు ఆగి, మల్టీమీటరుతో వోల్టేజి లేదని చూసుకోవాలి. బ్యాటరీ తీసిన తర్వాత కూడా కంట్రోలరులోని కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచి ఉంటుంది. థ్రాటిల్‌కు (యాక్సిలరేటరు పిడికి) వెళ్ళే ఎర్త్ తీగ తెగినప్పుడు చవకరకం కంట్రోలరు దానిని పూర్తి థ్రాటిల్‌గా గ్రహించే ప్రమాదం ఉంది. మా షెడ్డులో ఒకసారి ఇలాగే డబుల్ స్టాండు మీదున్న బండి వెనుక చక్రం ఒక్కసారిగా తిరిగి, స్టాండు జారి, బండి ఎదుటి గోడకు తగిలింది. మనుషులెవ్వరూ ముందు లేకపోవడం మా అదృష్టమే. అప్పటి నుంచి బండిని తాడుతో స్తంభానికి కట్టకుండా, మోటారును వెంటనే ఆపివేసే కిల్ స్విచ్ దగ్గర ఒక మనిషిని నిలబెట్టకుండా థ్రాటిల్ తిప్పడం లేదు. బ్రేకు లివరు నొక్కగానే మోటారుకు కరెంటు ఆగుతున్నదో లేదో కూడా ఇక్కడే చూసుకోవాలి.

తరువాత చదునైన ఖాళీ మైదానంలో, అతి తక్కువ పవరు మోడులో, 20 కిలోమీటర్ల వేగంతో మొదలుపెట్టి, ప్రతి మెట్టులోనూ పూర్తిగా ఆగి చూసుకుంటూ వేగం పెంచాలి. ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్, చేతి తొడుగులు, బూట్లు తప్పనిసరి. ఊరి రోడ్డు దీనికి తగదు. కోతల కాలంలో తారు రోడ్ల మీదే వరి, చోళ్ళు (రాగులు) ఆరబోస్తారు, పశువులూ పిల్లలూ బండి శబ్దాన్ని బట్టే పక్కకు తొలగుతారు. శబ్దం లేని బండికి ఆ అవకాశం ఉండదు. పైగా మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా బహిరంగ రోడ్ల మీద వేగపరీక్ష చేయడం నేరం. మొదటిసారి మూడు నెలల వరకు జైలు గాని, 5,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు.

ఇక అందరూ మరచిపోయే విషయం కొండ దిగుడు. బ్రేకు వేసినప్పుడు మోటారే జనరేటరుగా మారి బ్యాటరీని నింపుతుందన్నది నిజమే. అయితే బ్యాటరీ నిండుగా ఉంటే ఆ విద్యుత్తుకు చోటుండదు కనుక ఆ సహాయం తగ్గిపోతుంది, లేదా పూర్తిగా ఆగిపోతుంది. కొరాపుట్‌లో రాత్రంతా చార్జింగు పెట్టి, పొద్దున్నే సుంకి ఘాట్ మీదుగా సాలూరు వైపు దిగేవారికి ఎదురయ్యేది ఇదే. మనిషితో కలిపి 280 కిలోల బండి 700 మీటర్ల ఎత్తు నుంచి దిగితే సుమారు అర యూనిట్ విద్యుత్తుకు సమానమైన శక్తి విడుదలవుతుంది. గాలి, టైర్లు తీసుకోగా మిగిలినదంతా బ్రేకు డిస్కులలో వేడిగా మారుతుంది. అందుకని ఘాట్ దిగే రోజు చార్జింగు 80 శాతం దగ్గరే ఆపాలి. వాన పడిన రోజున, వెనుక చక్రం మీద మోటారు బ్రేకు గట్టిగా పట్టి జారిపోకుండా, దాని స్థాయిని తగ్గించుకోవాలి.

ఎక్కుడులో సమస్య వేరు. నెమ్మదిగా సాగే వాలులో మోటారుకు, కంట్రోలరుకు గాలి చాలక వేడెక్కి, మలుపు మధ్యలోనే శక్తి తగ్గవచ్చు. వెనుక లారీ ఉన్నప్పుడు ఓవర్‌టేక్ ప్రయత్నం చేయరాదు. పైకి చేరిన వెంటనే చార్జరు తగిలించకుండా, బ్యాటరీ చల్లబడే వరకు ఆగాలి.

పొగ గాని, తియ్యటి ఘాటు వాసన గాని, బుసబుసమనే చప్పుడు గాని వస్తే బండిని వదిలి, గాలి వీచే దిశకు ఎదురుగా దూరంగా వెళ్ళి 112కు ఫోన్ చేయాలి. ఆ పొగ విషపూరితం. ఒకసారి ఆరిన లిథియం బ్యాటరీ గంటల తర్వాత మళ్ళీ అంటుకోగలదు కనుక, పడిపోయిన లేదా దెబ్బ తగిలిన బండిని ఆ రాత్రి ఇంట్లోగాని, పశువుల సాలలోగాని పెట్టకుండా, చుట్టూ ఏమీ లేని చోట ఆరుబయటే ఉంచాలి.